వేలికి కట్టిన నార

తమౌ ఊరు
హథోర్ నెల, విత్తనాలు చల్లిన వారం

తమ్ముడు పిహోర్‌కు,

నువ్వూ మామయ్యా ప్రభువు నీడలో క్షేమమని తలుస్తాను. ఇక్కడ అమ్మా, నేనూ, రెండు మేకలూ బాగున్నాం. నైలు ఈసారి మన చేను దాకా వచ్చి బుద్ధిగా వెనక్కి వెళ్ళింది.

ఈ ఉత్తరాన్ని ఉప్పు ఒంటెల పెబోస్ చేతికి ఇస్తున్నాను. మామయ్యకు ఒంట్లో బాగాలేదని చెప్పింది అతనే. "మీ మామయ్య ఎండిన తుంగపుల్లలా ఉన్నాడమ్మా. గాలొస్తే ఎవరో ఒకరు పట్టుకోవాలి" అన్నాడు. అమ్మ ఆ రోజు రొట్టె ముట్టలేదు.

ఆమెకు చూపు పూర్తిగా పోయింది. చేతులు మాత్రం ఊరుకోవు. ఈ ఏటి అవిసె నారంతా తనే వడికింది, నేను నేశాను. మన ఇంటి బట్టలకు ఎప్పుడూ పెట్టే నీలి అంచే పెట్టాను. బట్ట మామయ్య కోసం. వెనక గదిలో, పోయినవాళ్ళను ఇంట్లోనే ఉంచుకునే మన ఊరి ఆచారం ప్రకారం, తాతయ్యా అమ్మమ్మా వాళ్ళ మంచాల మీద బట్ట చుట్టుకుని పడుకుని ఉన్నారు కదా, వాళ్ళ మధ్య మూడో మంచం వేయించింది అమ్మ. అది నేను పడుకునే మంచమే. నేను నేల మీదికి మారాను. నాకు ఇబ్బందేమీ లేదు.

అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "వాడు నా చంక దిగని పిల్లాడు. నా పెళ్ళయిన ఏడు, కోతల్లోంచి కొడవలి పట్టుకుని అలాగే సన్యాసానికి ఎడారికి నడిచిపోయాడు. నేనొకసారి ఉల్లిపాయల బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్తే తలుపు తీయలేదు. 'వెళ్ళిపో అక్కా' అన్నాడు లోపలి నుంచి. బుట్ట గడప ముందు పెట్టి వచ్చేశాను. మలుపు దగ్గర తిరిగి చూస్తే తలుపు సందులోంచి ఒక చెయ్యి వచ్చి బుట్ట లాక్కుంది. అంతే. ఇన్నేళ్ళలో వాడి చెయ్యి మాత్రం చూశాను. బతికుండగా నా ఇంటికి రాలేదు. పోయాకైనా రమ్మను. ఈ ఒక్క మాట వాడిని అడుగు."

అడుగు తమ్ముడూ. అవునో కాదో రాయి.

నీ అక్క,
తయేసె

(అక్షరాలు వంకరగా ఉంటే క్షమించు. కన్యల మఠంలో చదువు చెప్పిన పెద్దమ్మ నా చేతి మీద కొట్టినా అవి తిన్నగా రాలేదు.)


షియేత్ ఎడారి
ఖోయాక్ నెల మొదట్లో

అక్కకు పిహోర్ నమస్కారాలు. అమ్మ పాదాలకు కూడా.

ఉత్తరం చేరింది. పెబోస్ మాటలు సగానికి సగం కోసుకుని వినాలి. మామయ్య సన్నబడ్డాడు, నిజమే. అయినా తెల్లవారకముందే లేచి ఖర్జూరపు మట్టలు నానబెట్టి, నాకంటే ముందు బుట్ట అడుగు అల్లేస్తాడు. నా అల్లిక చూసి, "ఇందులో నీళ్ళు పోస్తే ఎలాగూ నిలవవు, ఇసుక పోసినా నిలవదురా" అంటాడు.

నువ్వు రాసింది ఆయన్ని ఇంకా అడగలేదు. అడుగుతాను. ఇప్పుడు మా గదిలో కొంచెం గొడవగా ఉంది. కలూజ్ అనే మనిషి వచ్చిపడ్డాడు. ఒకప్పుడు దారి కాచి ఉప్పు బేరగాళ్ళను దోచినవాడు. కాళ్ళ నిండా పుండ్లు పడితే తోటి దొంగలు వదిలేసి పోయారు. మామయ్య గాడిద మీద వేసుకుని తెచ్చాడు. రెండు పూటలా పుండ్లు కడుగుతాడు. వాడు కృతజ్ఞతతో ఉంటాడనుకుంటున్నావేమో. "ఏం పప్పయ్యా ఇది? మీ దేవుడికి ఉప్పు పడదా? ఉప్పు చెరువు పక్కనే కూర్చుని చప్పిడి తింటారేమిటి?" అని నా మీద అరుస్తాడు. మామయ్య మాత్రం, "వాడన్నదాంట్లో న్యాయం ఉంది, కాస్త వెయ్యరా" అంటాడు.

ఇంకో సంగతి, నవ్వుకో. మామయ్య రాత్రి ప్రార్థన అయ్యాక కుడికాలి వేలికి మట్ట నార ఒకటి కట్టుకుని పడుకుంటాడు. పొద్దున విప్పేస్తాడు. కునుకు పట్టకుండా దేహాన్ని అదుపులో పెట్టే సాధన అని ఎవరో అన్నారు. ఇప్పుడు చుట్టుపక్కల గదుల్లో కుర్ర సన్యాసులందరూ వేళ్ళకు నారలే. ఒకాయన రెండు కాళ్ళకూ కట్టుకుని, లేచి బోర్లా పడ్డాడు. మామయ్యను అడిగితే "వాళ్ళ కాళ్ళు, వాళ్ళ ఇష్టం" అన్నాడు.

అమ్మను దిగులు పడవద్దను.

పిహోర్


తమౌ
ఖోయాక్ నెలాఖరు

చిరంజీవి పిహోర్‌కు,

నీ ఉత్తరం చదివి వినిపించాను. కలూజ్ మాటలకు అమ్మ నవ్వింది. నార సంగతి దగ్గరకు రాగానే నవ్వు ఆగిపోయింది. "ఆ ముక్క మళ్ళీ చదువు" అంది. చదివాను. "ఏ కాలు అన్నాడు?" అంది. కుడికాలు అన్నాను. ఎందుకని అడిగితే "ఏమీ లేదులే" అని మేకల దగ్గరికి వెళ్ళిపోయింది. చాలాసేపు అక్కడే ఉంది.

తిరిగొచ్చాక ఒకటే పట్టు: "వాడు వస్తాడు. బట్ట పంపించు." నువ్వు ఇంకా అడగలేదన్నా వినలేదు. అందుకే పెబోస్‌తో బట్ట పంపుతున్నాను. దాన్ని చూపించి అడగడం నీకు తేలికవుతుందేమో. మడతల్లో ఉల్లిపాయలు కూడా పెట్టింది. ముందు వాటిని తీసెయ్యి, బట్టకు వాసన పడుతుంది.

తయేసె


షియేత్
తోబె నెల
(కుండ పెంకు మీద)

అక్కా, కాగితం లేదు. బట్ట చేరింది. మామయ్య రెండు చేతులా అందుకున్నాడు. కొలిచి చూసి "సరిగ్గా సరిపోయింది" అన్నాడు. నేసిన చేతులకు, వడికిన చేతులకు మేలు కలగాలని దీవించాడు. ఉల్లిపాయలు బాగున్నాయి. పెంకు అయిపోయింది. పిహోర్.


తమౌ
తోబె నెలాఖరు

బంగారు తండ్రీ,

ఇలా పిలవమన్నది అమ్మ. నీ పెంకును దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. గుచ్చుకుంటుంది అమ్మా అంటే, "గుచ్చుకోనీ" అంటోంది.

మామయ్య ఒప్పుకున్నాడు! నాకే నమ్మకం కుదరలేదు. రెండు చేతులా అందుకున్నాడట, కొలిచి చూసుకున్నాడట. ఇంతకంటే ఏం కావాలి? అమ్మ వీధిలోకి వెళ్ళి, చూపు లేకపోయినా ఇంటింటికీ గోడలు పట్టుకుని నడిచి చెప్పివచ్చింది.

ఒక చిక్కు. ఊరిపెద్ద అపియోన్ కూడా విన్నాడు. "అపా హత్రె అంతటి పుణ్యపురుషుడు మన ఊళ్ళో ఉంటే యాత్రికులు తెర్నూత్ గుడి దాకా పోతారా? ఇక్కడే ఆగుతారు" అన్నాడు. మన వాకిట్లో దీపస్తంభం నిలబెడతానంటున్నాడు. అమ్మకు దీపస్తంభం అక్కర్లేదు. "నాకు వచ్చేది ఊరందరికీ తండ్రి అయిన అపా కాదయ్యా, నా తమ్ముడు హత్రె" అని అతని ముఖం మీదే అంది. అతను వినలేదు. మామయ్య పరిస్థితి విషమించిందని కబురు వస్తే చాలు, మనుషుల్ని గాడిదతో పంపుతానన్నాడు.

నువ్వు కూడా వెంట వస్తావు కదూ? ఆ ఎడారి అమ్మ దగ్గర ఒక తమ్ముణ్ణి, ఒక కొడుకుని తీసుకుంది. నాలుగు రోజులైనా ఇవ్వనీ.

నీ తయేసె


షియేత్
మెషీర్ నెల, గాలులు మొదలైన రోజు

అక్కా,

తప్పు నాదే. పెంకు చిన్నదని ముక్కలు ముక్కలుగా రాశాను. కాగితం అడుక్కుని తెచ్చి ఇప్పుడు పూర్తిగా రాస్తున్నాను.

మామయ్య బట్టను కొలిచింది కలూజ్ పొడుగుకు. వాడు మనందరికంటే పొడుగు. గోనె గుచ్చుకుని పుండ్లు చితికి ఏడుస్తున్నాడు. మామయ్య నీ బట్టను వాడికి కప్పి, తల నుంచి పాదం దాకా చూసి "సరిగ్గా సరిపోయింది" అన్నాడు. వాడు అంచు పట్టుకుని, "ఇంత మంచి బట్ట నేను దొంగిలించి కూడా ఎరగను" అన్నాడు. మొదటిసారి నేను వాడితో కలిసి నవ్వాను. ఆ బట్ట వెనక్కి అడగలేకపోయాను.

అప్పుడు ధైర్యం చేసి అమ్మ మాటా, మూడో మంచం సంగతీ చెప్పాను. మామయ్య అల్లుతూనే విన్నాడు. తరువాత అన్నాడు: "ఇంట్లో మూడో మంచం ఎవరిది?" తయేసెది అన్నాను. "చూశావా? చచ్చినవాణ్ణి మంచం మీద పెడితే బతికున్నవాళ్ళు నేల మీద పడుకోవాలి. నన్ను మట్టిలో పెట్టు. ఎక్కడో ఎవరికీ చెప్పకు. దీపాలు పెడతారు, నూనె అమ్ముతారు. మాట ఇవ్వు." ఇచ్చాను. ఆయన చెయ్యి నా తల మీద ఉంది, ఇవ్వక ఏం చెయ్యను?

అమ్మకు ఎలా చెప్తావో నాకు తెలియదు. గోడలు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళిందని రాశావు. అది చదివినప్పటి నుంచి తిండి సహించడం లేదు. అపియోన్ మనుషుల్ని ఆపు.

ఈ గాలుల్లో ఒంటెలు కదలడం లేదు. ఉత్తరం ఎప్పుడు చేరుతుందో.

పిహోర్


తమౌ
పరెంహత్ నెల

తమ్ముడూ,

మామయ్య ఇంటికి వచ్చాడు.

నీ దగ్గర నుంచి అక్షరం ముక్క లేదు. గాలి తెరిపి ఇవ్వగానే ఉత్త చేతులతో పెబోస్ వచ్చి "అపా ఇవాళో రేపో" అన్నాడు. అపియోన్ మనుషులు అతనితోనే బయలుదేరారు. వాళ్ళు చేరేసరికే అంతా అయిపోయిందట. నువ్వు గదిలో లేవట. చాప మీద ముఖంతో సహా బట్ట చుట్టి, నీలి అంచు పైకి కనిపించేలా పడుకోబెట్టి ఉన్నాడట. ఆ అంచు చూసే గుర్తుపట్టామన్నారు. ఊళ్ళో మామయ్య ముఖం ఎరిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు కదా.

కీర్తనలు పాడుతూ తెచ్చారు. వీధి వీధంతా వాకిట్లోనే ఉంది. అమ్మ మంచం పక్కన కూర్చుని అందరినీ బయటికి పంపింది. "అక్కని. నేను కడగాలి" అంది. నీళ్ళూ సుగంధ తైలమూ నేను అందించాక నన్ను కూడా వెళ్ళమంది. తలుపు తీసేసరికి మళ్ళీ చక్కగా చుట్టేసి ఉంది. ఏడవలేదు. నేను ఏడుస్తుంటే నా తల నిమిరింది.

అప్పటి నుంచి జనం వస్తూనే ఉన్నారు. బట్ట అంచు తాకగానే పెబోస్ ఒంటె కుంటడం మానేసిందట. ఒంటె బట్టను ఎలా తాకిందని ఎవరూ అడగలేదు.

నువ్వు ఎక్కడున్నావు? ఎందుకు వెంట రాలేదు? అమ్మ నిన్ను ఒక్క మాట అనడం లేదు. అదే నాకు భయంగా ఉంది.

తయేసె


షియేత్
పరెంహత్ నెల

అక్కా, ఈ ఉత్తరం ముందు నువ్వు ఒక్కదానివే చదువు.

మన ఇంట్లో ఉన్నది మామయ్య కాదు. కలూజ్.

కలూజ్ మధ్యాహ్నం పోయాడు. పోయేముందు పప్పు అడిగాడు, ఉప్పు సరిపోయిందన్నాడు. మామయ్య తనే కడిగి, నీ బట్టలో చుట్టాడు. "గాలి తగ్గాక రేపు పూడుద్దాం" అని పక్కనే పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. తెల్లవారుజామున చూస్తే ప్రాణం లేదు.

ఇచ్చిన మాట ప్రకారం ముందు మామయ్యను తీసుకెళ్ళాను. సాయం ఎవరినీ పిలవలేదు, పిలిస్తే చోటు తెలిసిపోతుంది. మోయడం కష్టం కాలేదు. ఖాళీ బుట్టంత బరువున్నాడు. తిరిగి వచ్చేసరికి చాప మీద కలూజ్ లేడు. పక్క గది ముసలాయన చెప్పాడు: "మీ ఊరివాళ్ళట. ఏడుస్తూ తీసుకెళ్ళారు. ఇంత బంధుబలగం ఉందని ఆ దొంగ ఒక్కసారైనా చెప్పలేదే!"

వెంటనే పరుగెత్తుకు రావలసింది. రాలేదు. అమ్మ ముందు నిలబడి 'ఇతను నీ తమ్ముడు కాదు' అనే ధైర్యం నాకు లేకపోయింది. జనం దారి దోపిడీ చేసినవాడి దగ్గర మోకరిల్లుతున్నారని పెబోస్ కబుర్ల వల్ల తెలుస్తోంది. ఇదంతా నా మూలంగానే.

రెండు పనులు చేయగలను. అపియోన్ దగ్గరికి వచ్చి నిజం చెప్పేస్తాను. రెండోది, అమ్మకు మామయ్య ఉన్న చోటు చెప్తాను. మాట తప్పినట్టే. ఆ పాపం నేను మోస్తాను. తమ్ముడు ఎక్కడున్నాడో ఆమెకైనా తెలియాలి. నువ్వు ఊఁ అను, బయలుదేరతాను.

పిహోర్


తమౌ
పర్మూతె నెల, కోతలు

పిహోర్,

నీ రెండు ఉత్తరాలూ, గాలి నెలలో రాసిందీ మొన్నటిదీ, పెబోస్ ఒక్కసారే తెచ్చి ఇచ్చాడు. మొదటిది అతని సంచి అడుగున మిగిలిపోయిందట. మేకల పాకలో కూర్చుని చదివాను. అమ్మకు ఎలా చెప్పాలా అని ఒక పూటంతా పాకకూ ఇంటికీ మధ్య తిరిగాను. చివరికి ఆమే అంది: "ఎందుకే అలా తిరుగుతావు? ఆ మనిషి మన హత్రె కాడని రాశాడా?"

మొదటి రోజే తెలుసట. "పాదాలు కడిగాను కదే. మీ మామయ్య కుడికాలి రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి పుట్టింది. చెప్పులు పట్టేవి కావు, పిల్లలు వెక్కిరించేవాళ్ళు. రాత్రిళ్ళు నా ఒళ్ళో పడుకోబెట్టుకుని, వేలు కిందికి లాగి దారం కట్టి నిద్రపుచ్చేదాన్ని. రోజూ కట్టుకుంటే సరవుతుందిరా అని చెప్పేదాన్ని. ఇతని వేళ్ళు తిన్నగా ఉన్నాయి. పైగా చేతికి అందినంత మేరా పుండ్లు. ఎవరో ఎంతో ఓపికగా కడిగి మాన్పిన పుండ్లు. ఎవరై ఉంటారో తెలిసిపోయింది."

మరి ఎందుకు ఊరుకున్నావు అని అడిగాను.

"ఏమనమంటావు? తీసుకుపోయి పారెయ్యమననా? వీడూ ఎవరో ఒకామె తమ్ముడే. ఆమె కడగవలసింది నేను కడిగాను. ఒంటె నడిస్తే నడవనీ. బతికుండగా దారులు కాచినవాడు, ఒక్క ఒంటెనైనా నడిపించుకోనీ."

నీ రెండో ఉత్తరం చదివినప్పుడు నవ్వింది. మొదటిది చదివినప్పుడు నవ్వలేదు. "చచ్చినవాణ్ణి మంచం మీద పెడితే బతికున్నవాళ్ళు నేల మీద పడుకోవాలి" అన్న మాట దగ్గర చెయ్యి చాపి, నేను పడుకునే చాప కోసం తడిమింది.

మర్నాడు అపియోన్‌ను పిలిపించింది. "నా తమ్ముడి మాట ఇప్పుడే అందింది. మట్టిలో పెట్టమన్నాడు. ఎత్తండి" అంది.

"పుణ్యపురుషుణ్ణి మట్టిపాలు చేస్తావా తల్లీ? దీపస్తంభానికి రాయి కూడా వచ్చేసింది" అని అతను గోల పెట్టాడు.

"మా హత్రె నీ సొమ్ము కాదు. రాయి నీదే, నీ ఇంటి ముందు పాతుకో" అంది అమ్మ.

చేను గట్టున పూడ్చాం. నీలి అంచు బట్టతోనే. అమ్మ ఒక్క అబద్ధమూ ఆడలేదు, గమనించావా? తమ్ముడు ఏం చెప్పాడో అదే చెప్పింది, అంతే. నువ్వు ఇప్పుడు వచ్చి ఊళ్ళో ఏమీ చెప్పనక్కర్లేదని అమ్మ మాట. తరువాత వారం తాతయ్యనూ అమ్మమ్మనూ కూడా అక్కడికే చేర్చాం. వెనక గది ఖాళీ. రాత్రి నేను మంచం మీద పడుకున్నాను. నిద్ర పట్టడానికి కాస్త సమయం పట్టింది, అలవాటు తప్పింది కదా.

మామయ్య ఉన్న చోటు చెప్పవద్దట. "వాడికిచ్చిన మాట నా కోసం తప్పితే, వాడు మళ్ళీ తలుపు వేసుకుంటాడు" అంది.

రెండు సంగతులు మాత్రం రాయమంది. కలూజ్ తల్లి పేరు. గుళ్ళో హత్రె పేరు చదువుతున్నారు, ఇంట్లో తను ఇతని పేరూ తల్లి పేరూ చెప్పి ప్రార్థించాలట. రెండోది అడగడానికి చాలాసేపు తటపటాయించింది. నువ్వు మామయ్యను కడిగినప్పుడు చూసే ఉంటావు.

ఆ వేలు సరైందా?

నీ అక్క,
తయేసె


షియేత్
పర్మూతె నెల
(కుండ పెంకు మీద. ఈసారి పెద్దది వెతికాను)

అమ్మకు,

కలూజ్ తల్లి పేరు తనూబ్. జ్వరంలో పిలిచేవాడు.

వేలు సరికాలేదమ్మా. ఇంకా ఎక్కే ఉంది. ఆఖరి రాత్రి మామయ్య చేతివేళ్ళు వణికి ముడి పడలేదు. నన్ను కట్టమన్నాడు. సాధన కదా అని బిగించాను. "అంత గట్టిగా కాదురా, అక్క మెత్తగా కట్టేది" అన్నాడు. కలవరిస్తున్నాడనుకున్నాను. వదులు చేసి కట్టాను. నిద్రపోయాడు.

కడిగినప్పుడు ఆ నార విప్పలేదు. అలాగే పూడ్చాను.

పిహోర్